ఇచ్ఛాపురం దాటితే...

ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా. బరంపురంలో రైలు దిగితే గోపాల్‌పూర్ తీరం 16 కిలోమీటర్లే. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. బరంపురం బజారులో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్తే మాత్రం వారం రోజులు చేతిలో ఉంచుకోండి. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన సెలవులు చూసుకుని రావు. వచ్చాయా, లక్షల్లో వస్తాయి. కొన్నేళ్లు ఆ మూకుమ్మడి రాకే ఉండదు. అయినా ఎదురుచూడాల్సిందే. టార్చీలు, ఫ్లాష్‌లు మాత్రం వద్దు. వెలుగు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరగొచ్చు. పిల్లలైతే సముద్రం ఎటో తెలియక వీధి దీపాలవైపు పాకి చచ్చిపోతాయి. అటవీశాఖ వాళ్లు ఆపితే వాదించకండి.

ఈలోగా చిలికా సరస్సు చూడొచ్చు. మంగళజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు వాటిని చూపిస్తూ పడవలు నడుపుతున్నారు. వలస పక్షుల కోసమైతే ఫిబ్రవరి దాటనివ్వకండి. ఇరావడి డాల్ఫిన్లు ఉండే సాతపడా పూరీ వైపు. దానికే ఒక రోజు పోతుంది. అక్కడ మోటారు ఆపమని పడవ ఎక్కకముందే చెప్పండి. తరిమితే డాల్ఫిన్ మునుగుతుంది, మీకు నురగే మిగులుతుంది.