“మామూలే” అనే మందు

మొయినాబాదు నుండి చేవెళ్ళ వెళ్ళే బస్సులో నెలలు నిండిన ఒక అమ్మాయి ముందుసీటు కడ్డీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా పెదవి కొరుక్కుంటోంది. “కింద బొక్క ఇరిగినట్టున్నదమ్మా” అంది. “గివన్ని మామూలే బిడ్డా, మేం గనలేదా?” అంది తల్లి.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమెకు తన తల్లి చెప్పిన మాట అదే. చదువుకున్నవారు, మెడలో స్టెతస్కోపు వేసుకున్నవారు సైతం ఇదే మాట చెప్పి పంపించడం పైనే నా అభ్యంతరం. “మామూలే” అన్నది రోగనిర్ణయం కాదు. మాట దాటవేసే ఉపాయం.

నెలలు నిండాక వచ్చే నొప్పుల్లో చాలావరకు ప్రమాదం లేనివే, ఒప్పుకుంటాను. రిలాక్సిన్ వంటి హార్మోన్లు కటి కీళ్ళను సడలిస్తాయి. అందుకే మెట్లెక్కినా, పక్కమీద ఒత్తిగిలినా కటి ముందుభాగం కలుక్కుమంటుంది. ఒంటికి నీరుపట్టి మణికట్టులో నరం నొక్కుకుపోతే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అయితే ప్రమాదం లేదంటే బాధ లేదని అర్థమా? మోకాళ్ళ నడుమ దిండు పెట్టుకొమ్మని, పూలతోటలో వంగి చేసే పని మానమని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

మామూలు కానివీ ఉన్నాయి. కుడి డొక్క కింద పోటు, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం: ఇవి ఉంటే రక్తపోటు 140/90 దాటిందేమో వెంటనే చూడాలి, గుర్రపువాతం ఇలాగే తలుపు తడుతుంది. దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్ళు రాత్రివేళ దురద పెడితే కాలేయాన్ని అనుమానించాలి. అది బిడ్డకే ముప్పు కావచ్చు. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిపెడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వీటన్నిటికీ ఒకే “మామూలే” ఎలా సరిపోతుంది?

గర్భిణిని కనీసం ఎనిమిదిసార్లు పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. ఆ ఎనిమిదిసార్లలో “ఎక్కడ నొప్పి?” అని అడిగేది ఎన్నిసార్లు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రతి కోతా అనవసరమని అనను. కానీ నొప్పి వినడానికి దొరకని తీరిక కోయడానికి మాత్రం దొరుకుతున్నదే!

కాన్పంటే ఆడదానికి మరుజన్మ అంటాం. అన్న నోటితోనే “మామూలే” అంటాం. మిత్రులారా, మీ ఇంట గర్భిణి ఉంటే ఇవాళే అడగండి: ఎక్కడ? ఎప్పటినుంచి? ఒకవైపేనా? ఆ జవాబును వైద్యుని ముందు ఆమెచేత పూర్తిగా చెప్పించండి. అంతవరకు కుర్చీలోంచి లేవకండి.