ఆరవ సంఖ్య

నాలుగైదు ఉదాహరణములు సరిపడినంతనే సూత్రము సత్యమని నమ్ముట మనలో పలువురికి అలవాటు. ఈ అలవాటు మానవలెనని నా అభిప్రాయము.

3, 5, 17, 257, 65,537 అను వరుసను చూడుడు. ఒక సంఖ్యనుండి 1 తీసివేసి, మిగిలినదానిని వర్గము చేసి, 1 కలిపినచో తరువాతి సంఖ్య వచ్చును. ఈ ఐదును ప్రధాన సంఖ్యలే. వరుసలోని సంఖ్యలన్నియు ఇట్టివేయని ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా 1640లో తలచెను; కాని నిరూపణము చూపలేదు.

ఆరవ సంఖ్య 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. దీనిని 641 నిశ్శేషముగా భాగించుననియు, లబ్ధము 67,00,417 అనియు 1732లో ఆయిలరు చూపెను. అంతటి మేధావి నమ్మకము ఒక్క భాగహారముతో వీగిపోయినది! నేటివరకు ఆ ఐదుగాక ఈ వరుసలో మరియొక ప్రధాన సంఖ్య దొరకలేదు; ఇక లేదని ఎవరును నిరూపింపనులేదు.

దీనివలన ఫెర్మా కీర్తి తగ్గలేదు. పెద్దల మాటను పరీక్షించుట వారిని అగౌరవపరచుట కాదు. మనమే ఊరిబడిలో ఏ భాషలో చదివినను, 641తో భాగించి చూచుటకు కాగితమును కలమును చాలును. కావున సూత్రమును వల్లించుటకు ముందు “ఎందువలన?” అని అడుగుడు. ఉపాధ్యాయులును ఆ ప్రశ్నకు తరగతిలో చోటీయవలెను.