మెడికల్ కుర్రాళ్ళని మన గట్టు మీదికి తీసుకెళ్ళండి



దాళ్వా కోతల్లో ఎండకి కళ్ళు తిరిగి పడిపోయి ఆసుపత్రికెళ్తే బీపీ ఉందా, షుగరుందా అని అడుగుతారు. ఎంతసేపు ఎండలో ఉన్నారు, నీళ్ళు తాగారా, పొద్దున్న ఏ మందు కొట్టారు అని అడిగేవాళ్ళు ఎంతమంది? తప్పు వాళ్ళది కాదండి, ఆ ప్రశ్న చదువులోనే నేర్పాలి.

2015 మేలో వడదెబ్బకి మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలొచ్చి పడిపోయారు. అది ఎండ వల్ల కాదు, కానీ కారణం కోసం నీళ్ళు, పాలు, కూరగాయలు దాకా వెతకాల్సొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగితే ఆ నీళ్ళు కొల్లేటికే వచ్చాయి. ఎండా వానా మారుతుంటే జబ్బులూ మారతాయి.

కొల్లేటి పక్క ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పైగా కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీళ్ళు లాగేస్తాయి. సొంతంగా మానెయ్యకండి. కోతల రోజుల్లో ఎలా వాడాలో డాక్టర్ని అడగండి.

2023లో ఏలూరుకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఎంబీబీఎస్ పిల్లలు పల్లెల్లో కుటుంబాలని దత్తత తీసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ పెట్టింది. వాళ్ళు మన ఊరొస్తే అరుగు మీద కాఫీ ఇచ్చి పంపేయకండి. మిట్టమధ్యాహ్నం చేలోకి తీసుకెళ్ళండి. చేపల చెరువులో మేత వేసే కూలీతో మాట్లాడించండి. మనం కొట్టే మందు డబ్బా చూపించండి.

వాతావరణం మీద పాఠం ఉంటే చాలదు, పరీక్షలో మార్కులూ ఉండాలి. అప్పుడే చదువుతారు. మన పిల్లలైనా అంతేగా! ఏమంటారు?