పక్షవాతం తగ్గింది సరే, ట్రాక్టర్ ఎక్కొచ్చా?



మన ఊళ్లల్లో పక్షవాతం వచ్చి తగ్గిన మనిషిని ఏమని అడుగుతాం? చెయ్యి లేస్తుందా, నడుస్తున్నావా అని. లేస్తుంది, నడుస్తున్నాడు అంటే ఇక ట్రాక్టర్ ఎక్కొచ్చని మనమే తేల్చేస్తాం. అది తప్పు. మా బావ సంగతి చూశాకే నాకూ తెలిసింది.

బావకి ఎడమ పక్క పడిపోయింది. రెండు నెలల్లో బాగానే లేచాడు. ఎడమ కాలితో క్లచ్ తొక్కి చూపిస్తే అందరం సంతోషపడ్డాం. మూడో రోజు దొడ్డి గేటు ఎడమ స్తంభాన్ని గుద్దాడు. వారం తిరక్కుండానే కాలవకట్ట మీద ఎడమ చక్రం అంచు దాకా పోయింది. "ఏంది బావా, కనపడలా?" అంటే "బాగానే కనపడతందిరా" అన్నాడు. ఆ రోజు ట్రక్కు ఖాళీ. ముందు రోజు అదే ట్రక్కులో మిరప కోతకి పద్నాలుగు మంది ఆడకూలీలు ఉన్నారు. (మనుషుల్ని ఎక్కించకూడదని తెలుసు, అందరం ఎక్కిస్తూనే ఉన్నాం.)

కళ్ల డాక్టరు ఫీల్డ్ టెస్ట్ చేసి చెప్పాడు. కళ్లు బాగున్నాయి, మెదడులో దెబ్బతిన్న చోటు వల్ల రెండు కళ్లకీ ఎడమ సగం కనపడట్లేదంట. అద్దాలు మార్చినా లాభం లేదు. కొంతమందికి చూపున్నా ఆ పక్కకి ధ్యాసే పోదంట. చాలాసార్లు ఆ లోపం ఉన్నట్టు ఆ మనిషికే తెలియదు. బావ అబద్ధమాడలేదు, కానీ ఆ మాట నమ్మి తాళం ఇవ్వడం మా తప్పు.

ఆస్పత్రిలో మాత్రల చీటీ ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు. బండి నడుపుతావా అని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. 40 దాటితే లైసెన్సు రెన్యువల్‌కి డాక్టరు సర్టిఫికెట్ కావాలి, నిజమే. కానీ రెన్యువల్ ఎప్పుడో వస్తుంది, జబ్బు మధ్యలో వస్తుంది. బ్రిటన్‌లో స్ట్రోక్ వస్తే కనీసం నెల రోజులు కారు ముట్టకూడదు, లారీ అయితే ఏడాది.

ఇంట్లో ఒక పని చేయండి. ఎదురుగా కూర్చుని మీ ముక్కు వైపే చూడమని చెప్పి, రెండు పక్కలా వేళ్లు ఆడించి ఎటు కదిలాయో అడగండి. ఒక పక్క చెప్పలేకపోతే ఆ రోజే బండి ఆపాలి. చెప్పినా అంతటితో వదలొద్దు, ఫిట్స్ సంగతీ, ధ్యాస సంగతీ డాక్టరే చూసి చెప్పాలి.

"నన్ను మూల కూచోబెడతారా" అని బావకి కోపం. సీజన్లో డ్రైవర్ కూలీ కూడా బరువే, కాదనను. వచ్చే నెల మళ్లీ టెస్ట్ ఉంది. అప్పటిదాకా తాళంచెవి అక్క దగ్గరే ఉంటుంది.