గృహిణీ విజ్ఞానము: కారు ముందటి కడ్డీ

కారు ముందుభాగమున టకటక చప్పుడు పుట్టినప్పుడు, “స్టెబిలైజర్ రాడ్డు తీసివేసిన చాలును, ఖర్చు తప్పును” అని చెప్పువారు కలరు. అందులకు సమ్మతింపకముందే దాని పని యెరుగుట యుక్తము.

ఇది కుడియెడమ చక్రముల యాధారములను కలుపు ఉక్కుకడ్డీ. మలుపున బండి యొకవైపునకు వ్రాలగా నిది మెలిపడి, యా యొరగుటను తగ్గించును. రెండుచక్రములు నొక్కసారి గతుకెక్కినచో నిది యూరక తిరుగును. ఒక్కచక్రమే గుంతలో బడినచో కుదుపును రెండవవైపునకును పంచును. కావున దీనిని తీసినచో గతుకుబాటలో కుదుపు కొంత తగ్గుట నిజమే. జీప్ రాంగ్లర్ రూబికాన్ బండియందు రాళ్లదారికై దీనిని మీటతో విడదీయు నేర్పాటు గలదు. వేగము గంటకు సుమారు 29 కిలోమీటర్లు దాటిన నది మరల కూడుకొనును.

రాజమార్గమున మాత్రము కడ్డీ లేని బండి మలుపులందు మిక్కిలి యొరగును. ఎదుట నేదైన నడ్డము వచ్చి స్టీరింగు చటుక్కున త్రిప్పినప్పుడు వెనుకభాగము జారు నపాయము హెచ్చును. కొన్ని చిన్నకార్లలో ముందుచక్రమును ముందువెనుకలకు కదలనీయక నిలుపునదియు నీ కడ్డీయే!

చప్పుడునకు హేతువు తరచుగా నరిగిన రబ్బరుబుష్షులో, లింకులో యగును. వానిని మార్పింపుడు, కడ్డీని మాత్రము ఉంచుడు. బిడ్డలు కూర్చుండు బండికి మెత్తదనము కంటె నిలుకడయే మేలని మేము తలంచెదము.