దొడ్డిదారికి రాజముద్ర

చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడి రాకుండా అడ్డుకున్నామని మన పార్టీలు గొప్పగా చెప్పుకుంటాయి. ఆ మాటలో నిజమెంతో తేలాలంటే ఢిల్లీలో చర్చలు వినడం కంటే జంషెడ్‌పూర్‌లోని సాక్చి బజారు లెక్క చూడడం మేలు.

2012 సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించింది. షరతులు గట్టివే. పది లక్షలకు మించి జనాభా ఉన్న నగరం కావాలి. కనీసం పది కోట్ల డాలర్లు తేవాలి. తయారీ సరుకులో 30 శాతం చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. అన్నిటికీ మించి రాష్ట్రం ఒప్పుకోవాలి. 2011 జనగణనలో జంషెడ్‌పూర్ పట్టణ సముదాయ జనాభా 13 లక్షల పైచిలుకు కనుక జనాభా షరతు నెరవేరింది. కానీ ఒప్పుకున్న రాష్ట్రాల జాబితాలో నాటి ఆంధ్రప్రదేశ్ ఉంది గాని, బీజేపీకి చెందిన అర్జున్ ముండా ఏలుబడిలోని జార్ఖండ్ లేదు. ఆ తర్వాతైనా దేశంలోకి ఆ దారిన వచ్చిన పెద్ద సంస్థ బ్రిటన్‌కు చెందిన టెస్కో ఒక్కటే. అదీ ఈ ఊరిని కట్టిన టాటాల చేయి పట్టుకుని వచ్చింది.

మరి సాక్చి దుకాణదారు గెలిచాడా? లేదు. 2016 మార్చిలో మోదీ ప్రభుత్వం ప్రెస్ నోట్-3 జారీ చేసి, ‘మార్కెట్‌ప్లేస్’ పేరుతో ఆన్‌లైన్ వేదికలకు నూరు శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించింది. దానికి రాష్ట్రాల సమ్మతి అక్కర్లేదు, జనాభా షరతు లేదు, చిన్న పరిశ్రమల వాటా లేదు. సరుకు సొంతం కాకూడదన్నదే అసలు షరతు. ముఖ్యమంత్రి కాదన్న సరుకు పార్శిల్ రూపంలో గడపలోకి వచ్చింది.

సరుకు ఎవరిది అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు చెప్పడం ఎంత సులువో క్లౌడ్‌టెయిల్ కథే చెబుతుంది. అమెజాన్ వేదికపై ప్రధాన అమ్మకందారైన ఆ సంస్థ మాతృసంస్థలో అమెజాన్‌కు 49 శాతం, నారాయణమూర్తి పెట్టుబడి సంస్థ కాటమరాన్‌కు 51 శాతం వాటా ఉండేవి. 2018 డిసెంబరు 26న కొత్త నిబంధనలు వచ్చాయి. 2019లో అమెజాన్ వాటా 24 శాతానికి తగ్గింది. ఎందుకు 24? మన విధానంలో ‘గ్రూపు సంస్థ’ అనిపించుకోవాలంటే 26 శాతం ఓటు హక్కులుండాలి. గీత ఎక్కడ గీస్తే అక్కడికి రెండడుగుల ఇవతల నిలబడ్డారు. 2019 తొలినాళ్లలో ఆ వేదికపై నాలుగు లక్షలకు పైగా అమ్మకందారులుంటే, 35 మంది చేతుల మీదుగానే మూడింట రెండు వంతుల విక్రయాలు సాగాయని 2021లో రాయిటర్స్ బయటపెట్టింది. ఎవరికీ పక్షపాతం చూపడం లేదని అమెజాన్ అన్నది. పోటీ సంఘం 2020 జనవరిలో దర్యాప్తుకు ఆదేశిస్తే, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ కొందరు అమ్మకందారులకు పెద్దపీట వేశాయన్న నివేదిక సిద్ధమయ్యేసరికి 2024 వచ్చింది. నాలుగేళ్లంటే ఒక దుకాణం మూతపడి, దాని స్థానంలో మరొకటి తెరుచుకునేంత కాలం.

చౌకగా దొరికితే వినియోగదారుకు నష్టమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. సామర్థ్యం వల్ల తగ్గిన ధరను ఎవరూ తప్పుపట్టరు. కానీ ఒకే కంపెనీ సరుకు తమకంటే తక్కువ ధరకు జియోమార్ట్, మెట్రో వంటి సంస్థలకు అందుతోందని 2021 చివర పంపిణీదారుల సమాఖ్య గగ్గోలు పెట్టింది. అది సామర్థ్యం కాదు, కొనుగోలుదారు బలాన్ని బట్టి వేసే తూకం. ఇక్కడ విదేశీ, స్వదేశీ తేడా కూడా చెరిగిపోతుంది. 2003లో టోకు వర్తకం పేరుతో వచ్చిన జర్మనీ మెట్రో భారత వ్యాపారం 2023లో రిలయన్స్ చేతికి మారింది. దుకాణదారు ఎదుట నిలిచిన బలం మాత్రం అలాగే ఉంది.

మన ప్రతినిధుల సంగతీ చెప్పుకోవాలి. 2012 డిసెంబరు 5న లోక్‌సభలో వ్యతిరేక తీర్మానం 218–253తో వీగిపోయింది. ఎస్పీ, బీఎస్పీ విమర్శించి, వాకౌట్ చేసి ప్రభుత్వాన్ని గట్టెక్కించాయి. 7న రాజ్యసభలో, విదేశీ పెట్టుబడిని తీవ్రంగా వ్యతిరేకించిన తెలుగుదేశం సభ్యులు ముగ్గురు ఓటింగు వేళకు కనిపించలేదు. ఆనాడు వీధికెక్కిన బీజేపీ అధికారంలోకి వచ్చాక ఆ విధానాన్ని రద్దూ చేయలేదు, గట్టిగా సమర్థించనూ లేదు. పక్కనే దొడ్డిదారి తెరిచింది.

కాగితం మీద సరుకు ఎవరిదన్న ప్రశ్నతో ఇక లాభం లేదు. ధర నిర్ణయించేదెవరు? మిగిలిపోయిన సరుకు నష్టం భరించేదెవరు? చట్టం అడగాల్సినవి ఇవి. దిగుమతైన సబ్బు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం ముద్రించాలని తూనికలు కొలతల నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. ఆన్‌లైన్ వేదికతో అమ్మకందారుకున్న పెట్టుబడి, రుణ, గిడ్డంగి సంబంధాలను కూడా అంతే స్పష్టంగా కొనుగోలుదారు కంటికి కనిపించేలా ఎందుకు చేయరు? ఈ నియమం అమెజాన్‌కు వర్తించినట్టే జియోమార్ట్‌కు, టాటాల బిగ్‌బాస్కెట్‌కూ వర్తించాలి. పోటీ సంఘం దర్యాప్తులకు గడువు పెట్టాలి.

ఇవేవీ చేయకుండా చిన్న వర్తకుణ్ణి కాపాడామని వేదికలెక్కి చెప్పడం, తాళం తలుపుకు వేసి గోడ పడగొట్టడమే.