గాజుతొట్టిలోనికి క్రొత్తచేపలు

ఇంటిలో గాజుతొట్టి నుంచుకొని రంగురంగుల చేపలను బెంచు ముచ్చట నేడు మన యిండ్లలో హెచ్చినది. చేపను గొనుట సులభమే. కొన్నచేపను తొట్టిలో విడుచుటయే నేర్పుతో గూడిన పని. ఈ సంగతిని మేము నష్టపడి తెలిసికొంటిమి. కావున ఈ మాసము మన సోదరీమణులకు దానినే విన్నవించుచున్నాము.

మా కాపురము హార్స్లీ కొండపైన. కొన్నేండ్ల క్రిందట మాయింట నాలుగు బంగారుచేపలు రెండేండ్లుగా సుఖముగా బెరుగుచుండెను. ఒక మార్గశిరమున మదనపల్లె అంగడిలో మఱి రెండింటిని గొని, బస్సులో దెచ్చి, పిల్లల తొందర కోర్వలేక, సంచి విప్పి నీటితోగూడ తొట్టిలో గుమ్మరించితిమి. అందొకటి ఆ రాత్రియే వెల్లకిలబడెను. రెండవది చక్కగ తిరుగుచుండుటచే నిశ్చింతగా నుంటిమి. మూడవవారమున పాతచేపల రెక్కలపై ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లనిచుక్కలు గానవచ్చెను. పదిదినములలో తొట్టి శూన్యమాయెను. క్రొత్తనీరు వచ్చి పాతనీటిని గొట్టుకొనిపోవుననెడి సామెత మాయింట నిట్లు నిజమైనది. మా చిన్నవాడు చాలదినములు ఆ తొట్టిదిక్కు చూడనే లేదు.

మేము చేసిన తప్పులు రెండు. మొదటిది వేడిమిని గుఱించినది. మదనపల్లె సముద్రమట్టమునకు రమారమి 2,200 అడుగుల యెత్తున గలదు. మా కొండ 4,000 అడుగులకు పైమాట. వేయి అడుగులెక్కిన ఇంచుమించు రెండు డిగ్రీల వేడిమి తగ్గును. చేప యొడలికి సొంతవేడి లేదు. చుట్టునున్న నీటి వేడిమియే దాని వేడిమి. హఠాత్తుగా నీరు మారిన నది తాళజాలదు. కావున సంచిని విప్పక, ఇరువది నిమిషములు నీటిపై దేలనీయవలయును. పిమ్మట మూతివిప్పి, అయిదేసి నిమిషముల కొక గిన్నెడు తొట్టినీరు అందులో బోయుచు, అరగంట గడపి, చేపను మాత్రము వలగరిటెతో దీసి విడువవలయును. సంచినీటిని తొట్టిలో బోయరాదు. ఆ పూట దీపము నార్పి, మేత మానిపింపవలయును.

ఇందొక మెలకువ గలదు. చెన్నపట్టణపు కొళత్తూరువంటి దూరపు అంగళ్లనుండి గంటలకొలది ప్రయాణముచేసిన సంచిలో చేపల మలినమువలన అమ్మోనియా చేరియుండును. అవి విడిచిన బొగ్గుపులుసుగాలి నీటికి పులుపు నిచ్చుటచే ఆ విషము అణగియుండును. మూతి విప్పగానే గాలి వెడలిపోయి విషము విజృంభించును. అట్టివానికి మూతివిప్పకయే వేడిమి సరిచేసి, విప్పినవెంటనే చేపను దీసివేయుట మేలు.

రెండవతప్పు మిక్కిలి పెద్దది. క్రొత్తచేప మొదట దిగవలసినది పెద్దతొట్టిలోనికి గాదు, వేఱు పాత్రలోనికి. తెల్లచుక్క రోగము కంటికానని సూక్ష్మజీవివలన గలుగును. అది చేపచర్మమున బెరిగి, రాలి, నీటిలో వందలకొలది పిల్లల నీనును. ఇది 25 డిగ్రీల నీటిలో వారములోపల ముగియును. 10 డిగ్రీల నీటిలో నెలకు మించియు బట్టును. అనగా, చలిప్రదేశమున రోగము ఆలస్యముగా బయటపడును. మూడువారములు చేప చక్కగ దిరిగినదని మేము మోసపోయిన దిందువలననే.

నేడు మేము సబ్బు తగులని ప్లాస్టికు తొట్టి నొకదాని నిందుకై ప్రత్యేకించితిమి. మైదానముననుండు సోదరీమణులు క్రొత్తవానిని మూడునాలుగు వారములైన వేఱుగా నుంచవలయును. మేము చలికాలమున ఆఱువారములు ఉంచుచున్నాము. చిన్న గాలిపంపు, వేఱు వలగరిటె యుండవలయును. దినమునకు నాలుగవవంతు నీరు మార్చవలయును. కుళాయినీటిలోని క్లోరిను చేపల మొప్పలను గాల్చును గనుక నీటిని ఒకదినము వెడల్పుపాత్రలో నిలువయుంచి వాడవలయును. పాతచేపల పని ముగించిన పిదపనే క్రొత్తవానిని ముట్టవలయును. చేతులు కడుగుకొనక మరలిరాదు.

ఆఱువారములు పిల్లలకు దీర్ఘమే. అయినను ఇప్పుడు మా చిన్నవాడే పంచాంగపు కాగితముపై దినములు కొట్టివేయుచు, తొందరపడు తన చెల్లెలిని వారించుచున్నాడు.